పై దారికి పదింతల లెక్క

నేల మీద కిలోమీటరంటే కిలోమీటరే. అదే జాతీయ రహదారి స్తంభాలెక్కి ఊరి మీదుగా సాగితే మాత్రం టోల్ లెక్కలో ఒక్క కిలోమీటరు పది కిలోమీటర్లతో సమానం కావచ్చు. 2008లో కేంద్రం తెచ్చిన జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో ఉన్న సూత్రం ఇది. ఎడిటర్ గారు అడిగింది దీని గురించి కాదు. బెంగళూరులో సిల్క్ బోర్డు కూడలి వైపు నుంచి హోసూరు రోడ్డు మీదుగా ఎలక్ట్రానిక్స్ సిటీకి వెళ్లే ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద శుక్రవారంకల్లా ముఖచిత్ర కథనం కావాలన్నారు. హైదరాబాద్ కంపెనీలు కట్టిన దారి, వేలమంది తెలుగువాళ్లు రోజూ ఉద్యోగాలకు తిరిగే దారి, పైగా ఫొటోలు బాగా వస్తాయి. అన్నీ నిజమే. కానీ రేపు మన ఊళ్లో ఇలాంటి జాతీయ రహదారి లేచి దానికి టోల్ పెడితే మన జేబులోకి చెయ్యి పెట్టేది ఆ నిబంధనల కాగితమే. అందుకే ఈ కథనంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఆ దారంటే నాకు ఇష్టమని ముందే చెప్పేస్తాను. దాదాపు పది కిలోమీటర్లు, రానుపోను నాలుగు వరుసలు. ఎక్కగానే బొమ్మనహళ్లి, గార్వెభావిపాళ్య, కూడ్లు గేటు, సింగసంద్ర, హొస రోడ్డు కిందికి జారిపోతాయి. సిగ్నళ్లు లేవు, అడ్డంగా వచ్చే ఆటోలు లేవు. సాఫీగా సాగితే పది పన్నెండు నిమిషాల్లో కొనప్పన అగ్రహారం దగ్గర దిగిపోవచ్చు. కింద వెళ్లే రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఇరుక్కున్నవాళ్లకు ఆ పది నిమిషాల విలువ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

చరిత్ర క్లుప్తంగా: 1970ల చివర్లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ హోసూరు రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ సిటీకి పునాది వేసింది. 1990ల్లో ఐటీ వచ్చింది, దాంతోపాటే జనం, పీజీ హాస్టళ్లు, ఆంధ్రా మెస్సులు వచ్చాయి. రోడ్డు మాత్రం పాతదే. సోమా, నాగార్జున కన్‌స్ట్రక్షన్, మేటాస్ అనే మూడు హైదరాబాద్ సంస్థలు జట్టుగా ఏర్పడి, జాతీయ రహదారుల సంస్థతో కట్టు, నడుపు, అప్పగించు పద్ధతిలో ఒప్పందం చేసుకున్నాయి. సొంత డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి కట్టడం, ఇరవై ఏళ్లపాటు టోల్ వసూలు చేసుకోవడం దాని సారాంశం. పని సగంలో ఉండగా 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడి, సత్యం యజమానుల కుటుంబానికే చెందిన మేటాస్ అతలాకుతలమైంది. అయినా పని ఆగలేదు. 2010 జనవరి 22న దారి తెరిచారు.

ఇక కాగితం దగ్గరికి వద్దాం. 2008 నిబంధనలు 2007-08 సంవత్సరాన్ని మూలంగా తీసుకుని, నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కారుకు కిలోమీటరుకు 65 పైసలని మొదలుపెడతాయి. చిన్న సరుకు బండికి రూపాయి ఐదు పైసలు, బస్సుకూ లారీకీ రెండు రూపాయల ఇరవై పైసలు. ఆ ధర ఏటా మూడు శాతం పెరుగుతుంది, దానికి తోడు టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అందులో నలభై శాతం కలుస్తుంది. చివరికి వచ్చిన మొత్తాన్ని దగ్గరి ఐదు రూపాయలకు సరిచేస్తారు. ఇరవైనాలుగు గంటల్లో తిరిగొస్తే రెండు వైపులకీ కలిపి ఒకటిన్నర రెట్లు కడితే చాలు. ఇంతవరకూ ఎవరికైనా అర్థమయ్యే లెక్కే.

వంతెనలు, సొరంగాలు, ఫ్లైఓవర్లు, ఎలివేటెడ్ రహదారుల దగ్గర లెక్క మారుతుంది. 2025 జులై దాకా ఆ కట్టడం పొడవును పదితో హెచ్చించి, మిగతా రోడ్డు పొడవుకు కలపడమే పద్ధతి. పది కిలోమీటర్ల రహదారి మొత్తం స్తంభాల మీదే ఉందనుకోండి. నడిచేది పది, కట్టేది వంద కిలోమీటర్లకు. మూల ధర ప్రకారమే కారుకు అరవై ఐదు రూపాయలు! నేల మీదైతే అదే దూరానికి ఆరున్నర.

ఈ పదింతలకు కారణం లేకపోలేదు. ఇలాంటి దారి కట్టాలంటే యార్డులో కాంక్రీటు సెగ్మెంట్లు పోతపోసి, రాత్రిపూట ట్రైలర్ల మీద తెచ్చి, లాంచింగ్ గర్డర్‌తో పైకెత్తి, ఒక్కోదాన్ని పక్కదానికి ఎపాక్సీతో అతికించి, లోపలి నుంచి ఉక్కు తీగలు దూర్చి బిగించాలి. కింద ట్రాఫిక్ ఆగకూడదు, భూమిలోని నీటి గొట్టాలూ కేబుళ్లూ తెగకూడదు. నేల మీద తారు పరచడంతో దీనికి పోలికే లేదు. ఖర్చు పెట్టినవాడికి రాబడి రావాలి కదా అన్న వాదనను నేనూ ఒప్పుకుంటాను. నా పేచీ పదింతలతో కాదు.

2025 జులైలో కేంద్రం ఈ సూత్రాన్ని సవరించింది. ఇప్పుడు రెండు లెక్కలు వెయ్యాలి. ఒకటి పాతదే: కట్టడానికి పదింతలు, దానికి మిగతా రోడ్డు కలపడం. రెండోది, కట్టడమూ మామూలు రోడ్డూ కలిసిన మొత్తం పొడవుకు ఐదింతలు. రెండింట్లో ఏది తక్కువైతే అది. మొత్తం స్తంభాల మీదే ఉన్న పది కిలోమీటర్ల దారికి పాత లెక్కలో వంద, కొత్త లెక్కలో యాభై. టోల్ సగానికి సగం తగ్గుతుంది. పదిలో ఆరు కిలోమీటర్లు మాత్రమే పైన ఉంటే పాత లెక్క అరవై నాలుగు, కొత్తది యాభై. రెండు కిలోమీటర్ల ఫ్లైఓవరైతే పాత లెక్కే ఇరవై ఎనిమిది, కాబట్టి మార్పేమీ లేదు. కాగితం మీద లెక్కేసి చూస్తే, దారిలో సుమారు 44 శాతానికి మించి కట్టడాలుంటేనే ఊరట దక్కుతుంది. ఊళ్ల మీదుగా పోయే ఎలివేటెడ్ దారులకు ఈ సవరణ వల్ల నిజమైన మేలు జరుగుతుంది. హోసూరు రోడ్డుది మాత్రం 2008 కంటే ముందు నాటి ఒప్పందం. పాత ఒప్పందాలకు ఈ నిబంధనలు వర్తించవు, వాటి ధరలు వాటివే.

అసలు విషయం ఇది: పాత సూత్రంలోనూ, కొత్త సూత్రంలోనూ పొడవు ఉంది, కాంక్రీటు ఉంది, ధరల సూచీ ఉంది, వాహనానికి ఎన్ని ఇరుసులో ఉంది. సమయం లేదు. హోసూరు రోడ్డు మీద పైకెక్కేవాడు కాంక్రీటు కోసం ఎక్కడు. కింద నలభై నిమిషాలు పట్టేది పైన పదింట్లో అయిపోతుందనే డబ్బు కడతాడు. ఊరి అవతల రహదారి మీద పొడవుకీ సమయానికీ పొంతన ఉంటుంది. ఊళ్లో ఉండదు. ఎలక్ట్రానిక్స్ సిటీ నుంచి బయల్దేరిన బండి దర్జాగా వచ్చి సిల్క్ బోర్డుకు కాస్త ముందే దిగుతుంది. అక్కడ హోసూరు రోడ్డూ ఔటర్ రింగు రోడ్డూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మడివాళ నుంచి బయల్దేరే ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు, కోరమంగళ వైపు మళ్లే కార్లు, నీళ్ల ట్యాంకర్లు, అన్నీ అక్కడే. పైన మిగిల్చుకున్న సమయాన్ని ఆ కూడలి మింగేస్తుంది. సాయంత్రాల్లో ర్యాంపు మీదే ఎర్ర లైట్ల వరుస కనిపిస్తుంది. దానికీ అదే టోల్, తెల్లవారుజామున ఖాళీ దారిలో వెళ్లినదానికీ అదే టోల్.

ఇందులో కట్టిన సంస్థ తప్పేమీ లేదు. ఆ కూడలి దాని చేతిలో లేదు. కూడలి నగరపాలక సంస్థది, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది, పైదారి కేంద్రానిది. ప్రయాణం మాత్రం ఒక్కటే, చేసే మనిషీ ఒక్కడే. ఆ మనిషి ఇంటి నుంచి ఆఫీసుకు ఎంతసేపట్లో చేరాడో లెక్కచూసే బాధ్యత ఏ ఒప్పందంలోనూ ఎవరి మీదా లేదు. నాకు మింగుడుపడనిది ఇదే.

బండి మీద వెళ్లేవాళ్ల సంగతి

జాతీయ రహదారి మీద స్కూటరుకు, మోటారు సైకిలుకు టోల్ ఉండదని మనందరి నమ్మకం. నిబంధనల్లో దానికో మెలిక ఉంది. పక్కన సర్వీసు రోడ్డో, ప్రత్యామ్నాయ దారో ఉండగా ద్విచక్ర వాహనం ప్రధాన దారి వాడుకుంటే కారు టోల్‌లో సగం కట్టాలి. ఆటోలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లకైతే అలాంటి చోట ప్రవేశమే లేదు. హోసూరు రోడ్డు పైదారి మీద కూడా బైకులకు టోల్ ఉంది. నెలంతా రెండువైపులా కట్టే స్తోమత లేక, కంపెనీ బ్యాగు వీపున తగిలించుకుని కిందనే పొగలో వెళ్లే కుర్రాళ్లు ఎందరో. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన మూడు వేల రూపాయల వార్షిక పాసు, 200 ప్రయాణాలకు పనికొచ్చేది, సొంత కార్లూ జీపులూ వ్యాన్లకే. బైకుకు అలాంటి పాసు లేదు. కారుకు ఊరట ఇచ్చినప్పుడు బైకును గుర్తుపెట్టుకోవాల్సింది.

పిల్లర్ నంబరే చిరునామా

పైదారి మనకూ కొత్త కాదు. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలైంది. 11.6 కిలోమీటర్లు, టోల్ లేదు. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వైపు దుకాణాల బోర్డులు చూడండి. వీధి పేరు కంటే ముందు "ఫలానా పిల్లర్ నంబరు ఎదురుగా" అని ఉంటుంది. పెళ్లి శుభలేఖల్లోనూ, డెలివరీ కుర్రాళ్ల ఫోన్లలోనూ అదే గుర్తు. పైదారి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేవాళ్ల కోసం కట్టారు. దాని కాళ్లను మాత్రం కిందివాళ్లు వాడుకుంటున్నారు.

మళ్లీ బెంగళూరుకు వస్తే, హోసూరు రోడ్డు పైదారికి ఇప్పుడు పోటీ వచ్చింది. 2025 ఆగస్టు 10న బెంగళూరు మెట్రో పసుపు మార్గం మొదలైంది. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్స్ సిటీ రెండూ దాని మీదే ఉన్నాయి. మొదట్లో మూడే రైళ్లు, ఇరవై ఐదు నిమిషాలకొకటి నడిపారు. అయినా జనం ఎగబడ్డారు. రైలు సిల్క్ బోర్డు కూడలిలో ఇరుక్కుపోదు, దాని మీదుగా దాటిపోతుంది. పైదారి చేయలేని పని అదొక్కటే.

అందుకే హైదరాబాద్‌లో పారడైజ్ నుంచి మేడ్చల్ వైపూ, శామీర్‌పేట వైపూ తలపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ల గురించి వింటున్నప్పుడు నా మనసు ర్యాంపు దిగే చోటికే పోతుంది. పారడైజ్ కూడలి అసలే ఊపిరాడని చోటు. రేపు ఏ దారికి టోల్ పెట్టాలనుకున్నా, ఒప్పందంలో ఒక్క షరతు రాయించమని అడగాలి: దారి దిగాక మొదటి రెండు కూడళ్లు దాటడానికి ఎంతసేపు పడుతోందో ప్రతి నెలా కొలిచి ప్రకటించాలి, ఒప్పుకున్న సమయం మించితే టోల్ తగ్గాలి. ధరల సూచీ పెరిగితే టోల్ పెంచడానికి నిబంధన రాయగలిగిన ప్రభుత్వం, సమయం దక్కకపోతే తగ్గించడానికి కూడా రాయగలదు. 2025 జులై సవరణే దానికి రుజువు. పదింతలను ఐదింతలు చేయడానికి ఒక్క నోటిఫికేషన్ సరిపోయింది.