కెనడా ప్రమాణము - చర్ల భూమి

కెనడా దేశమున పౌరసత్వము పొందగోరు పరదేశి చిట్టచివర నొక ప్రమాణము చేయవలసి యుండును. రాజునకు విధేయుడనై యుందునని చెప్పుట అందు పూర్వమునుండి కలదు. 2021 జూన్ మాసమున ఆ దేశపు పార్లమెంటు దానికి మరికొన్ని మాటలు చేర్చినది. కెనడా శాసనములను పాటింతును. వానిలో రాజ్యాంగము చేరియున్నది. ఆ రాజ్యాంగము ఆదివాసి జాతులకును, ఇన్యుయిట్, మెటీ ప్రజలకును గల స్వత్వములను, వారితో జరిగిన సంధులవలని హక్కులను గుర్తించి స్థిరపరచుచున్నది అను అర్థము వచ్చునట్లు ఇప్పుడు క్రొత్త పౌరుడు పలుకవలెను.

ఈ మాటలు పలికినవారిలో తెలుగువారు తక్కువమంది కారు. బ్రాంప్టన్, మిస్సిసాగా, కాల్గరీ మున్నగు నగరములలో తెలుగు కుటుంబములు ఏటేట హెచ్చుచున్నవి. ఆ దినమున వారు క్రొత్తబట్టలు కట్టి, చిన్నజెండా చేతబట్టి ఫోటో తీయించుకొందురు. ప్రమాణములోని ఆ నడిమి వాక్యము మాత్రము, పెండ్లిపీటలమీది మంత్రమువలె, నోట వెడలునే గాని చెవికి తగులదు. అది వారి దోషము కాదు. ఆ వాక్యమును వినదగిన చోటు వేరు. గోదావరి ఎడమగట్టున, భద్రాచలమునకు ఎగువన, చర్లలో నిలిచి దానిని వినవలెను.

చర్లకు దొరతనములు మారుట క్రొత్త గాదు. ఒకప్పుడది సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లాకు చెందినది. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దిలో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము, 1959లో ఖమ్మము జిల్లా, 2014లో తెలంగాణము, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా: ఇన్ని పేర్లక్రింద ఆ ఊరు ఉన్నచోటనే ఉన్నది. 2014లో భద్రాచలము ప్రక్కనున్న గ్రామములు ఆంధ్రప్రదేశములో చేరుటచేత, చర్లలో ఎక్కిన బస్సు ఏటపాకకడ కొంతదూరము పొరుగు రాష్ట్రమున నడచి, మరల స్వరాష్ట్రమున భద్రాచలము చేరుచున్నది. బస్సులోనివారి కిది వింతగా తోచుట కూడ మానినది.

మారనిది ఒక్క మాట: ఏజెన్సీ. గవర్నరునకు ఏజెంటను పేర ఒక దొర మన్యమును పాలించిన దినములలో పుట్టిన మాట అది. ఏజెంటు పోయెను, గవర్నరును పంపిన సామ్రాజ్యము పోయెను, ఏజెన్సీ మిగిలెను. మైదానపు తెలుగువాడు ఆ మాట విన్నంతనే చలిజ్వరమును తలచును, ఉద్యోగి బదిలీని తలచును. అది యొక శాసనపు హద్దు అని తలచువాడు అరుదు.

ఆ శాసనము చిన్నది కాదు. కొండజాతివాని భూమి ఇతరుల పాలుగాకుండ ఆంగ్లప్రభుత్వమే 1917లో మద్రాసు ఏజెన్సీలకొక చట్టము చేసినది. దాని స్థానమున 1959లో మొదటి రెగ్యులేషను వచ్చినది. 1970లో దానిని సవరించిరి. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యనిన ఏజెన్సీలో చదువురానివానికి కూడ తెలియును. షెడ్యూల్డు ప్రాంతమున భూమి గిరిజనునకు తప్ప వేరొకనికి బదిలీ కారాదు. గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునకు అమ్ముట సైతము చెల్లదు. బదిలీ యనగా విక్రయమొక్కటే కాదు. తాకట్టు, దానము, మార్పిడి, కౌలు అన్నియు అందులోనివే. అన్నిటికంటె గొప్పది మరియొక నియమము: ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదనియే న్యాయస్థానము తలంచును, కాదని రుజువు చేయు భారము భూమి అనుభవించువానిది. ఈ సవరణ కఠినమని వాదించినవారు సుప్రీముకోర్టువరకు వెళ్లిరి. 1988లో ఆ న్యాయస్థానము సవరణనే సమర్థించినది.

రుజువుభారమును గూర్చిన ఈ నియమమును కెనడా ఆదివాసి వినినచో నిట్టూర్చును. అక్కడ భారమంతయు అతనిదే. బ్రిటిష్ కొలంబియాలోని గిట్‌క్సాన్, వెట్‌సువెటెన్ జాతులవారు తమ భూమి తమదని చూపుటకు 374 దినములు న్యాయస్థానమున విచారణ నడిపిరి. వారికి దస్తావేజులు లేవు. తరతరములుగా సభలలో వినిపించుచు వచ్చిన వంశకథలును, ఆ కథలలోని పాటలును ఉన్నవి. మేరీ జాన్సన్ అను గిట్‌క్సాన్ పెద్దావిడ సాక్ష్యమిచ్చుచు ఆ పాట యొకటి పాడబోగా, తనకు సంగీతము తెలియు చెవి లేదనియు, పాడినను ప్రయోజనముండదనియు న్యాయమూర్తి చెప్పెను. ఆమె పాడనే పాడినది. 1991లో ఆయన వారి కోరికను త్రోసివేసెను. 1997 డిసెంబరు 11వ తేదీన కెనడా సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, మౌఖిక చరిత్రను కూడ లిఖితపత్రములతోపాటు సాక్ష్యముగ తూచవలెనని నిర్ణయించినది. ఐనను భూమి వారిదని చెప్పలేదు. విచారణ మరల జరుగవలెనన్నది. ఆ దేశమున ఆదివాసి జాతి కొకదానికి భూమిపై హక్కున్నదని న్యాయస్థానము తొలిసారి ప్రకటించుట 2014లో, సిల్కోటిన్ జాతి విషయమున.

అదే 1997లో, అంతకు సరిగా అయిదు మాసములముందు, జూలై 11వ తేదీన, ఢిల్లీలో సమత తీర్పు వచ్చినది. విశాఖ మన్యములోని అనంతగిరి ప్రాంతపు గనుల వ్యవహారమది. షెడ్యూల్డు ప్రాంతమున భూమిని గిరిజనేతరులకు ఇచ్చుటకు ప్రభుత్వమునకు సైతము అధికారము లేదు, శాసనమున ‘వ్యక్తి’ యన్న మాటలో ప్రభుత్వమును చేరునని సుప్రీముకోర్టు తేల్చినది. ఒక రాజ్యము తన చేతులను తానే అంత గట్టిగ కట్టుకొనుట లోకమున తరచుగ కనబడునది కాదు.

కాగితముమీద చూచినచో చర్ల కోయవాడు కెనడా ఆదివాసికంటె బలవంతుడు. కాగితము దాటి తాలిపేరు కాలువగట్టు ఎక్కినచో లెక్క వేరు. పెదమిడిసిలేరుకడ తాలిపేరుపై ఆనకట్ట కట్టి కాలువలు త్రవ్విరి. నీరు పారిన భూమిపై లోకమునకు కన్ను పడుట సహజము. మిరప నల్లభూమిని కోరును, పెట్టుబడిని కోరును. పెట్టుబడి గలవాడొకడు, భూమి గలవాడొకడు. ఏజెన్సీ మండలములలో వీరిద్దరి నడుమ నడచు కౌలు నోటిమాట. ఏ పుస్తకమునను ఎక్కదు. మరియొక చోట పట్టా గిరిజన స్త్రీ పేర నుండును, పంట వేరొకని కల్లమున ఆరును. ఇంకొక చోట పాలేరు పేర పది ఎకరములుండును. ఆ సంగతి పాలేరు ఎరుగడు. శాసనము అమ్మకమును పట్టుటకు కాచుకొని యుండగా భూమి అమ్ముడుపోకుండనే చేతులు మారుచున్నది.

గిరిజనేతరులందరును మోసగాండ్రని చెప్పుట అన్యాయము. 1917కు ముందే అక్కడ స్థిరపడిన కుటుంబములు కలవు. భూమిలేని దళితులు కలరు. రెండు సెంట్ల ఇంటిస్థలమును కూతునకు పెండ్లికానుకగ వ్రాయలేక తిరుగువారు కలరు. వారి గోడును వినవలసినదే. కాని వారి గోడును ముందు పెట్టుకొని శాసనమునే ఎత్తివేయుమని అడుగువారు వారు కారు. వారి వెనుక నిలిచినవారు.

ఇక కెనడా సంగతి. అక్కడ శాసనము బలహీనమైన చోట మాట మెండు. టొరాంటో ప్రభుత్వ పాఠశాలలలో 2016 నుండి ప్రతి ఉదయమును, ఈ నేల ఫలానా ఆదివాసుల పూర్వస్థానమని చదివి వినిపింతురు. తెలుగు పిల్లలు ఆ మాటలు కంఠస్థముగ చెప్పగలరు. తమ తాతల నేల ఎవరిదని అడిగినచో చెప్పలేరు. సెప్టెంబరు 30వ తేదీ 2021 నుండి అక్కడ సెలవుదినము. ఒకటిన్నర లక్షలకు పైగా ఆదివాసి బాలబాలికలను తల్లిదండ్రులనుండి వేరుచేసి, మాతృభాషను మరపించిన వసతి పాఠశాలలను గుర్తుచేసికొను దినమది. పౌరుల ప్రమాణమును మార్చవలెనన్నది కూడ ఆ పాఠశాలలపై విచారించిన సత్య సంఘము 2015లో చెప్పిన 94 సిఫారసులలో చివరిది.

ఈ మాటలకు చేతలు ఎంత దూరమో చూపుటకు నాలుగు డాలర్ల కథ చాలును. 1850లో హ్యూరన్, సుపీరియర్ సరస్సుల ఉత్తరతీరపు జాతులతో రాబిన్సన్ అను అధికారి సంధులు చేసెను. భూమికి మారుగా ఏటేట కొంత సొమ్ము. భూమిపై ఆదాయము పెరిగినచో ఆ సొమ్మును పెరుగవలెనని షరతు. 1875లో తలకు నాలుగు డాలర్లు చేసిరి. ఆ తరువాత ఆ భూమిలో గనులు వెలసెను, రైలుమార్గములు పడెను, పట్టణములు లేచెను. నాలుగు డాలర్లు నాలుగుగానే నిలిచెను. నూరేండ్లు దాటినను అంతే. హ్యూరన్ తీరమువారితో 2023లో పదివందల కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. 2024 జూలైలో కెనడా సుప్రీముకోర్టు, రాజ్యము ఈ సంధి విషయమున మర్యాద తప్పినదని స్పష్టముగ పలికినది. ఆదివాసి గ్రామములలో కాచి తప్ప త్రాగరాని నీటి దుస్థితిని 2021 మార్చి నాటికి తొలగింతుమని అక్కడి ప్రభుత్వము చేసిన వాగ్దానమును నెరవేరలేదు.

ఇంత చెప్పినను ఆ మాటలు వట్టివని తీసివేయుట తగదు. మాట యొకటి ఉన్నప్పుడు దానిని చూపి నిలదీయుటకు వీలుండును. మన యొద్ద శాసనము కలదు. దానిని మన్నించు మాట మన నోట లేదు. ‘ఏజెన్సీకి వేసిరి’ అను మాటలో శిక్ష యన్న అర్థమే మనకు వినబడును. కోయభాష మాట్లాడు బిడ్డ ఆశ్రమపాఠశాలకు వచ్చిన తొలినాడు తెలుగు రాక మౌనముగ కూర్చుండును. మొద్దు అని పేరు పెట్టుదురు. కోయలలో డోలీలు ఇలవేల్పుల బొమ్మలు గల పడిగె గుడ్డను విప్పి, డోలు వాయించుచు వంశకథలు పాడుదురు. మణుగూరు మండలపు కూనవరము వాడైన సకిని రామచంద్రయ్య అట్టి గాయకుడు. సమ్మక్క సారలమ్మల కథ ఆయన కంఠమున నుండెను. 2022లో పద్మశ్రీ బిరుదము నిచ్చిరి. 2024లో ఆయన పరమపదించెను. అటవీహక్కుల చట్టపు నియమములు 2008లో వచ్చినవి. అందు కాగితములతోపాటు ఊరి పెద్దల వాఙ్మూలము కూడ సాక్ష్యమేయని వ్రాసియున్నది. కెనడా న్యాయస్థానము ఎంతో వెచ్చించి నేర్చుకొన్న పాఠమును మనవారు ఒక పంక్తిలో పెట్టిరి. ఐనను అర్జీ పట్టుకొని వచ్చినవానిని బల్లకవతల కూర్చున్నవాడు మొదట అడుగునది కాగితమే.

కాగితమే లేనివారు మరికొందరు చర్ల అడవిలో కలరు. 2005 ప్రాంతమున బస్తరులో సల్వా జుడుం పేర చెలరేగిన హింసకు తాళలేక కొండలు దాటివచ్చినవారిని గుత్తికోయ లందురు. అడవిలో గుడిసెలు వేసికొనిరి, చెలమనీరు త్రాగుదురు, మిరప కోతకు కూలికి వత్తురు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగవారైన మనుష్యులు సరిహద్దు దాటగానే ఇక్కడి జాబితాలో ఏ పేరును లేనివారగుదురు. 2010లో అమెరికా పౌరుడైన డెసొటెల్ అను ఆదివాసి సరిహద్దు దాటి వచ్చి కెనడాలో దుప్పిని వేటాడెను. తన పూర్వులు వేటాడిన అడవి యిది అని అతని వాదము. పరదేశివి, నీకు హక్కేమని ప్రభుత్వము వ్యాజ్యమాడినది. 2021 ఏప్రిలులో ఆ దేశపు సుప్రీముకోర్టు అతని పక్షము వహించినది: హద్దులు తరువాత గీసినవి, జాతి ముందునుండి ఉన్నది. బస్తరు కోయవాడును చర్ల కోయవాడును ఒకరి పెండ్లికొకరు నడచి వచ్చు దారులు ఏ రాష్ట్రపు హద్దుకంటెను పాతవి. ఈ వాదమును వినిపించుటకు గుత్తికోయకు వకీలు లేడు.

ఒక కుటుంబమున్నదనుకొందము. మైదానమునుండి రెండు తరములక్రింద ఏజెన్సీకి వచ్చినది. తండ్రి మిరప వేయించును. భూమి ఎవరి పేరనున్నదో ఊరందరికి తెలియును, పుస్తకమునకు తెలియదు. పెద్దకుమారుని ఆ మిరపడబ్బుతోనే చదివించెను. కుమారుడు కెనడా వెళ్లి, ఉద్యోగమున స్థిరపడి, కొన్నేండ్లకు పౌరుడయ్యెను. ప్రమాణము చేసిన రాత్రి, ఇక్కడ తెల్లవారువేళకు, ఇంటికి ఫోను చేయును. చలి ఎట్లున్నదని తల్లి అడుగును. ఈ ఏడు కాయ ధర ఎంత పలికినదని కుమారుడు తండ్రిని అడుగును. తండ్రి చెప్పును. పెరటిలో బస్తరు కూలీలు బస్తాలు కుట్టుచుందురు. ప్రమాణములో ఏమి చదివించిరి నాయనా అని తండ్రి అడిగినచో, ఏమో, అందరితోపాటు చదివితిని, మొదట రాజుగారి పేరు వచ్చినది అని కుమారుడు నవ్వును.