ఒకే విసురు, అయిదు ఎరలు!
అమెరికా గాలం వేటగాళ్ళను రెండు జట్లుగా చీల్చిన గొడుగు గాలం

కాలువ గట్టున పొద్దుటినుంచి బెండు గాలం వేసుకుని కూర్చున్నవాని పక్కకు ఎవరైనా వచ్చి విసురు వల వేస్తే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. "నేను కూర్చున్న చోటే నీకు కావలసి వచ్చిందా?" అని ఒకడు, "కాలువేమన్నా మీ తాత తవ్వించాడా?" అని ఇంకొకడు. పెద్దమనుషులు వచ్చి చెరొక పక్కకూ పంపేదాకా ఆ గొడవ తెగదు.

ఇంచుమించు ఇలాంటి తగవే అమెరికాలో గాలం వేటగాళ్ళ మధ్య చాలా ఏళ్ళు నడిచింది. అక్కడ వల ప్రసక్తే లేదు. తగవంతా ఒక గాలం గురించే. కాకపోతే ఆ గాలానికి కొక్కేలు అయిదు!

దాని పేరు అలబామా రిగ్. అలబామా అంటే అమెరికాకు దక్షిణాన మన గుంటూరు సీమలాగే పత్తికి పేరుబడిన రాష్ట్రం. అక్కడి మజిల్ షోల్స్ ఊరికి చెందిన ఆండీ పాస్ అనే ఆయన ఈ గాలాన్ని తయారు చేశాడు. చేప తల ఆకారంలో ఒక బరువైన ముక్క ఉంటుంది. దాని వెనుకనుంచి అయిదు సన్నని తీగలు గొడుగు ఊచల మాదిరి విచ్చుకుని ఉంటాయి. ఒక్కొక్క తీగ చివర మెత్తని ప్లాస్టిక్‌తో చేసిన చేపపిల్ల, అందులో ఒక కొక్కెం. వానపాము, పిండిముద్ద వంటి ఎరలతో పని లేదు. దూరంగా విసిరి, కర్రకు బిగించిన చక్రం తిప్పుతూ లాగితే, నీళ్ళలో అయిదు చేపపిల్లలు గుంపు కట్టి పోతున్నట్లే ఉంటుంది.

ఆ గుంపును చూసి మోసపోయేది బాస్ అనే చేప. మన కొరమీనుకు అది చుట్టం కాదు కాని బుద్ధి మాత్రం అదే. నాచు చాటునో, మునిగిన మోడు పక్కనో పొంచి ఉండి, దారిన పోయే చిన్న చేపను గబుక్కున మింగుతుంది. నీళ్ళు చల్లబడే కాలంలో చిన్న చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. బాస్ చేపలు వాటిని తరుముకుంటూ లోతు నీళ్ళలోకి వస్తాయి. గొడుగు గాలానికి అసలైన అదను అదే.

నిజానికి ఈ ఎత్తు కొత్తది కాదు. సముద్రం మీద పడవల వెనుక ఇలాంటి గొడుగు గాలాలను ఈడ్చుకుంటూ పోయి చేపలు పట్టడం అమెరికాలో ఎప్పటినుంచో ఉంది. అక్కడ ఈడ్చేదాన్ని చెరువులో చేత్తో విసరగలిగేటట్లు చేయడమే పాస్ చేసిన పని.

తగవు మొదలైన చోటు

అలబామాలో గంటర్స్‌విల్ అనే పెద్ద జలాశయం ఉంది. టెనెసీ నది మీద 1939లో పూర్తయిన ఆనకట్టతో ఏర్పడింది. విస్తీర్ణం 70 వేల ఎకరాలకు కాస్త తక్కువ. ఆ ఆనకట్ట కట్టినది టెనెసీ లోయ అథారిటీ. మన దేశంలో 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్‌ను నెలకొల్పినది ఆ సంస్థను చూసే.

ఆ జలాశయంలో 2011 అక్టోబరులో నాలుగు రోజుల చేపల పోటీ జరిగింది. ఈ పోటీల తీరు మనవారికి కాస్త వింతగానే తోస్తుంది. పట్టిన చేపను కూర వండుకోరు. పడవలోనే గాలి కొట్టే నీళ్ళ తొట్టిలో ప్రాణంతో ఉంచి, సాయంత్రం తూకం వేయించి, తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. చేప చస్తే తూకంలో కోత పడుతుంది. పట్టిన చేపను చంపవద్దనే ఈ పద్ధతిని పోటీలలో 1972లో ప్రచారంలోకి తెచ్చినవాడు రే స్కాట్ అనే నిర్వాహకుడు. రోజుకు ఎన్ని పట్టినా తూకానికి పెట్టేది అయిదు చేపలే. కనుక వేటగాడి తాపత్రయమంతా పెద్ద చేప కోసమే.

ఆ పోటీలో పాల్ ఎలయాస్ గొడుగు గాలం విసిరి గెలిచాడు. నాలుగు రోజుల తూకం 102 పౌండ్ల 8 ఔన్సులు, అంటే 46 కిలోలకు పైమాటే. ఒక్కొక్క చేప సగటున రెండు కిలోల మీద తూగిందన్నమాట. ఈ వార్త పొక్కిందో లేదో, జనం దుకాణాలకు ఎగబడ్డారు. రకరకాల పేర్లతో నకళ్ళు బజారులోకి వచ్చాయి. దానితోపాటే తగవూ వచ్చింది.

"ఇది వేటా, దోపిడీయా? ఒక మనిషి, ఒక కర్ర, ఒక గాలం. ఇదీ ఆటంటే. అయిదు ఎరలు చూపితే చేప ఏం చేస్తుంది? ఒక్కోసారి రెండు మూడు చేపలు ఒకేసారి తగులుకుంటున్నాయి. మూతికి కాక డొక్కకు గుచ్చుకున్నవి వదిలినా బతుకుతాయా?" అన్నది ఒక పక్షం వాదన. ఏ లోతున ఏ ఎర వేయాలో ఏళ్ళ తరబడి నేర్చుకున్న పనితనం ఈ దెబ్బతో మూలపడుతుందని వారి బాధ. పోటీల మీదనే బతికేవారికి అది కూటి ప్రశ్న కూడా.

"చేపలు ఎక్కడున్నాయో తెలియకపోతే అయిదు కాదు, యాభై ఎరలు విసిరినా నీళ్ళే వస్తాయి" అన్నది రెండో పక్షం. అందులోనూ నిజం లేకపోలేదు. ఇది తేలిక గాలం కాదు. మామూలు కర్ర, మామూలు దారం దానికి ఆగవు. పొద్దంతా విసిరితే భుజం పట్టేస్తుంది. మోడుకు తగులుకుని తెగిందా, ఒక్క దెబ్బతో అయిదు ఎరలూ గోవింద! ఎండాకాలంలో నాచు పట్టిన చోట అసలు పనికిరాదు. ఇక ఎలయాస్ సంగతంటారా, ఆయన ఈ గాలం మూలంగా వేటగాడైనవాడు కాదు. బాస్ వేటలో అన్నిటికంటె పెద్దదని చెప్పుకునే క్లాసిక్ పోటీని 1982లోనే గెలిచాడు. 2008లో టెక్సాస్‌లోని ఫాల్కన్ జలాశయంలో నాలుగు రోజులకు 132 పౌండ్ల 8 ఔన్సులు తూచాడు. అప్పటికి అలబామా రిగ్ ఊసే ఎవరికీ తెలియదు.

తీర్పులు తలా ఒక తీరు

స్కాట్ స్థాపించిన బాస్ సంఘం 2012లో తన అగ్రశ్రేణి పోటీలలోను, క్లాసిక్‌లోను దీనిని నిషేధించింది. ఒక దారానికి ఒకే ఎర అన్నది అక్కడి నియమం. పోటీకి వెళ్ళని మామూలు జనానికి ఆ నిషేధంతో పని లేదు. వారికి వర్తించేది రాష్ట్రాల చట్టం. అది ఊరు దాటితే మారిపోతుంది. అలబామాలో అయిదు కొక్కేలతో విసరవచ్చు. సరిహద్దు దాటి టెనెసీ రాష్ట్రంలో అడుగుపెడితే మూడు కొక్కేలకే అనుమతి. మిగతా తీగలకు కొక్కెం లేని ఉత్తుత్తి చేపపిల్లలను తగిలించుకోవాలి. అయితే ఎర చూసి వచ్చిన చేప ఏ తీగను పట్టుకుంటుందో ఏ చట్టమూ చెప్పలేదు కదా!

మన నదుల మీద, సముద్రం మీద పొడవాటి తాడుకు పదుల కొద్దీ గాలాలు కట్టి వదిలే బెస్తవారిని చూసి అన్యాయమన్నవారు ఎవరూ లేరు. అది పొట్టకూటి పని. పందెం పెట్టుకున్న చోటే ఎవరి చేతిలో ఏముందన్న లెక్క వస్తుంది. అంతమాత్రాన ఈ తగవుతో మనకేమీ పని లేదనుకోవడం కూడా సరికాదు. తొలకరి నీళ్ళకు ఎదురెక్కే గుడ్ల చేపకు అడ్డంగా మావులు పెట్టడం, చెరువులో సన్నకన్ను వల వేసి వేలెడంత పిల్లను కూడా ఊడ్చివేయడం మన దగ్గరా జరుగుతున్నవే. అక్కడివారు అయిదు కొక్కేలా, మూడు కొక్కేలా అని కూర్చుని మాట్లాడుకున్నారు. వల కన్ను ఎంత ఉండాలని మన చెరువు గట్టున కూర్చుని మాట్లాడుకున్న రోజులు ఎన్ని?

అక్కడ ఇప్పుడు తగవు మరో దాని మీదికి మళ్ళింది. పడవ ముందు నీళ్ళలో చేప ఎటు పోతున్నదీ అప్పటికప్పుడు తెర మీద చూపించే ధ్వని యంత్రాలు వచ్చాయి. ఎర వెంట చేప రావడం, తిరిగిపోవడం కూడా అందులో కనిపిస్తుంది. మేజర్ లీగ్ ఫిషింగ్ అనే సంస్థ 2025లో తన ప్రధాన పోటీలలో ఆ యంత్రాన్ని రోజుకు మూడు విడతలలో ఒక్క విడత మాత్రమే వాడుకోవాలని కట్టడి చేసింది. వాదించే మాటలు మళ్ళీ అవే. ఇది వేటా, దోపిడీయా అని ఒకరు, చూసినంత మాత్రాన చేప చిక్కుతుందా అని ఒకరు. ఈ సందడిలో గొడుగు గాలం ఊసు వెనుకబడింది. చలికాలం వస్తే మాత్రం గంటర్స్‌విల్ నీళ్ళలో దానిని విసిరేవారు విసురుతూనే ఉన్నారు.