వీడియో గేముల ఆస్వాదనలో గ్రాఫిక్స్ పాత్ర: కోనసీమ ప్రభల తీర్థం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వీడియో గేము నాణ్యతను అందులోని దృశ్యాల సహజత్వంతో కొలవడం పరిపాటి. అయితే సినిమా ప్రేక్షకుడు దృశ్యాన్ని చూసి అనుభవిస్తాడు; గేము ఆడేవాడు దృశ్యాన్ని గ్రహించి, వెంటనే నిర్ణయం తీసుకుంటాడు. ఈ భేదం దృష్ట్యా గ్రాఫిక్స్ పాత్రను స్పష్టత, వేగం, వాతావరణం అనే మూడు అంశాలుగా పరిశీలించవలసి ఉంటుంది.

స్పష్టత

1984లో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్‌ను రూపొందించిన ఎలక్ట్రానికా 60 కంప్యూటరుకు బొమ్మలు చూపే సామర్థ్యం లేదు. ఆయన కుండలీకరణ చిహ్నాలనే ముక్కలుగా పేర్చారు. ముక్క ఆకారం, అది పడే చోటు తెలియడంతో ఆట రక్తికట్టింది. పులిజూదంలోనూ సుద్దతో గీసిన గీతలు, రెండు రకాల పిక్కలే ఆట స్థితిని సంపూర్ణంగా తెలుపుతాయి.

వేగం

సెకనుకు 30 చిత్రాలు చూపే తెరపై ఒక్కో చిత్రం సుమారు 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 60 చూపితే సుమారు 17. బీజీఎంఐ వంటి పోటీ గేముల్లో చిత్రనాణ్యతను ‘స్మూత్’ స్థాయికి తగ్గించి, ఫ్రేమ్ రేటును పెంచుకునే వీలుంది. తక్కువ ధర ఫోనులో ఆడేవారు అందాన్ని కొంత వదులుకొని వేగాన్ని ఎంచుకోవడానికి కారణమిదే. వారికి ఆనందం తగ్గిందని భావించడం పొరపాటు.

వాతావరణం

అన్ని గేములకూ ఈ సూత్రం ఒకే విధంగా వర్తించదు. పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ కథాఘట్టాలను నీడబొమ్మల శైలిలో చెబుతుంది. అందులో చిత్రశైలి అలంకారం కాదు. పురాణ ప్రపంచంలోకి ప్రవేశద్వారం. తోలుబొమ్మలాట సంప్రదాయం గల తెలుగువారికి ఆ శైలి పరాయిది కాదు.

కోనసీమ ఉదాహరణ

అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటలో కనుమనాడు పదకొండు గ్రామాల ఏకాదశ రుద్రులు ప్రభలపై కొలువుదీరుతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భక్తులు భుజాలపై మోస్తూ కౌశిక ప్రవాహాన్ని దాటిస్తారు. ఈ ఘట్టాన్ని గేముగా మలిస్తే, ప్రభ ఎటు ఒరుగుతున్నదో, నీరు ఎంత లోతున్నదో, ఏ వైపు మోసేవారు తడబడుతున్నారో తెలపడం స్పష్టత. ఒరిగిన క్షణంలోనే సరిదిద్దుకోనివ్వడం వేగం. రంగుల వస్త్రాలు, కొబ్బరిచెట్ల నీడలు, పచ్చని చేలు వాతావరణం. మూడవదే ఉండి మొదటి రెండూ లోపిస్తే అది చూడముచ్చటైన చిత్రమవుతుంది గాని ఆట కాజాలదు. మొదటి రెండే ఉంటే ఆట సాగుతుంది గాని, అది కోనసీమ ఆటగా గుర్తుండదు.

ముగింపు

గ్రాఫిక్స్ విలువ సహజత్వంలో గాక, ఆటలో అవి చేసే పనిలో ఉన్నది. ఈ ప్రమాణాన్ని స్వీకరిస్తే, ఖరీదైన యంత్రాలు లేకున్నా స్థానిక సంస్కృతిని గేములుగా మలచడం సాధ్యమని తెలుగు విద్యార్థులకు బోధించవచ్చు.