తడవడానికే పుట్టిన ఈకలు

శ్రీరంగపట్నం దగ్గర కావేరి లంకల్లో ఉన్న రంగనతిట్టుకు పిల్లలతో వెళ్లొచ్చిన పాఠకురాలొకరు అడిగారు: "రాళ్ల మీద నీటికాకులు రెక్కలు బార్లా చాపుకుని నిలబడ్డాయి. పక్కనున్న బాతులకు లేని ఈ అవస్థ వాటికెందుకు?"

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చొరవతో 1940లో అభయారణ్యమైన ఆ చోటు గురించి ఎంతైనా రాయొచ్చు. కానీ ఈ ప్రశ్న నన్ను అటు పోనివ్వదు.

నీటికాకికి ఈకలకు పూసుకునే నూనె ఉండదని చాలాకాలం చెప్పుకున్నారు. అది తప్పు. తోక మొదట్లో నూనె గ్రంథి దానికీ ఉంది. అసలు బాతును కాపాడేది కూడా ముఖ్యంగా నూనె కాదు, ఈక అల్లిక. ఈకను భూతద్దంలో చూడండి: నడిమి కాడకు రెండు పక్కలా సన్నని పోచలు, వాటికి ఇంకా సన్నని నూగు, ఆ నూగును కలిపి పట్టే కొక్కేలు. సందుల్లో గాలి. నీటిబొట్టు సగం పోచల మీద, సగం ఆ గాలి మీద కూర్చుంటుంది, అందుకే జారిపోతుంది. పోచ మందానికీ, పోచల మధ్య ఎడానికీ ఉన్న నిష్పత్తే కీలకమని 1944లో కాస్సీ, బాక్‌స్టర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నీళ్లకు తడవని బట్ట కోసం వాళ్లు చూసిన నమూనాల్లో బాతు ఈక ఒకటి!

నీటికాకిలో ఆ అల్లిక మారింది. 2005లో గ్రెమియే అనే పరిశోధకుడి బృందం పెద్ద నీటికాకి ఈకలను పరీక్షించి చూపింది: ఒంటి ఈక అంచు భాగం వదులుగా ఉండి నీళ్లు పీలుస్తుంది, మధ్యభాగం మాత్రం బిగువుగా ఉండి తడవదు. పైన తడి, చర్మాన్ని అంటి పలుచని గాలిపొర. ఎంత అందమైన రాజీ! ఈకల్లో గాలి ఎక్కువైతే నీళ్లు పక్షిని పైకి తోస్తాయి. పది మీటర్ల లోతుకు పోతే ఒత్తిడికి ఆ గాలి సగానికి కుంచించుకుంటుంది కాబట్టి బాధ తగ్గుతుంది. లోతులేని నీళ్లలో చేపల్ని తరిమే నీటికాకికి ఆ వెసులుబాటు లేదు. అందుకే గాలిని వదులుకుంది. మిగిలిన పలుచని పొరతోనే గ్రీన్లాండ్ చలినీళ్లలో కూడా వేటాడుతుంది.

ఆ లాభానికి చెల్లించే మూల్యమే రెక్కలు ఆరబెట్టుకోవడం. రెక్కలు చాపేది అరుగుదల కోసమని, సమతూకం కోసమని కొందరన్నారు. నీళ్లలో ఎక్కువసేపుంటే ఎక్కువసేపు ఆరబెడుతుందన్న పరిశీలన ముందు ఆ వాదనలు నిలవలేదు. ఎగరలేని గాలపాగోస్ నీటికాకి కూడా తన పొట్టి రెక్కల్ని చాపుతుంది. పాములాంటి మెడ ఉన్న డార్టర్ పక్షి సంగతి కొంచెం వేరు: అది వీపును ఎండకు తిప్పి ఒళ్లు కాచుకుంటుంది కూడా.

ఇంత చెప్పాక ఒక్క కోపం. రంగనతిట్టులో ఫొటో కోసం పడవను రాయి దాకా పోనిమ్మని పట్టుబట్టేవాళ్లు, ఇంకా ఆరని బరువు రెక్కలతోనే నీటికాకిని లేచిపోయేలా చేస్తున్నారు.