పది అంకెల తాళంచెవి



వెనకటికి ఇంట్లో టెలిఫోనుంటే అదొక హోదా. వీధిలో నలుగురూ వచ్చి మాట్లాడి వెళ్ళేవారు. ఇవాళ మనలో చాలామందికి చేతిలో ఒక ఫోనుంది. కాని, నిజం చెప్పుకోవాలంటే, ఆ నంబరుతో మాట్లాడే పని రానురాను తగ్గిపోయింది. గ్యాసు బండ ఇంటికి తెచ్చినవాడు అడిగేది ఆ నంబరుకొచ్చిన అంకెలే. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చూసుకోవాలన్నా, ఆధార్‌తో ఏ పని జరగాలన్నా, కూరలబండి దగ్గర డబ్బు పంపాలన్నా ఆ నంబరే ఆధారం. ఫోను పోతే ఇంకో ఫోను కొనుక్కుంటాం. నంబరు పోతే మాత్రం మన పేర ఉన్న తలుపులన్నీ ఒక్కసారి మూసుకున్నట్టవుతుంది. అంచేత, కంపెనీవాళ్ళు కనెక్షను తీసేస్తే నంబరు ఎలా దక్కించుకోవాలి, దక్కకపోతే ఖాతాలు ఎలా కాపాడుకోవాలి అన్నది ఇవాళ కాస్త వివరంగా చెప్పుకుందాం.

మొదట ఒక మాట. "నా నంబరు" అంటాం గాని, అది మన సొంతం కాదు. ప్రభుత్వం వరస నంబర్లను కంపెనీలకు కేటాయిస్తుంది, కంపెనీలు మనకు వాడుకకిస్తాయి. అద్దె ఇల్లు చూడండి, అలాంటిదన్నమాట. అద్దె ఆగితే కొన్నాళ్ళు చూస్తారు, తరవాత ఖాళీ చేయిస్తారు, ఆపైన వేరొకరికి ఇస్తారు. నంబరు విషయంలోనూ అచ్చంగా ఇదే జరుగుతుంది.

మా పక్కవీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. కూతురి పురిటికని అమెరికా వెళ్ళి ఆరు నెలలుండి వచ్చారు. అక్కడున్నన్నాళ్ళూ వాట్సాప్‌లో రోజూ మాట్లాడుతూనే ఉన్నారు. అది పనిచేస్తోంది గదా, నంబరుకేం ఢోకా లేదనుకున్నారు. కాని వాట్సాప్ నడిచింది అల్లుడిగారింట్లో వైఫై మీద. ఇక్కడి సిమ్‌కి రీచార్జి లేదు, ఒక్క కాలూ లేదు, ఒక్క మెసేజీ లేదు. తిరిగొచ్చి చూసుకుంటే నంబరు తీసేశారు. గడువు దాటిపోయింది, ఇక మా చేతుల్లో లేదన్నారు కంపెనీ దుకాణంలో. ఆవిడకొచ్చే ఫ్యామిలీ పెన్షను పడే ఖాతాకి ఉన్నది ఆ ఒక్క నంబరే. పెన్షను ఎక్కడికీ పోలేదు గాని, ఆ డబ్బు చూసుకోవడానికి ఒక నెలపాటు బ్యాంకు చుట్టూ ఆటో ఖర్చులు పెట్టుకుని తిరగవలసి వచ్చింది.

ఇంతకీ ఆ గడువులేమిటి? ప్రీపెయిడ్ సిమ్‌ల సంగతి చూద్దాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో పెట్టిన నిబంధన ప్రకారం వరసగా 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే తప్ప, వాడటం లేదనే కారణం మీద నంబరు తీసెయ్యకూడదు. వాడకమంటే కాలు చెయ్యడమో రావడమో, మెసేజీయో, ఇంటర్నెట్టో ఏదో ఒకటి. 90 రోజులు దాటినా మెయిన్ బ్యాలెన్సులో 20 రూపాయలుంటే, ఆ 20 తీసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచాలి. అలా బ్యాలెన్సున్నంత కాలం సాగుతుంది. ఇక్కడ మెయిన్ బ్యాలెన్సు వేరు, మనం వేసుకునే ప్యాకు వేరు. ప్యాకుకి మూడు నాలుగు వందలు పోసినా అది మెయిన్ బ్యాలెన్సులోకి రాదు. పాలవాడి బాకీకిచ్చిన డబ్బు కిరాణాకొట్టు ఖాతాలో జమపడదు గదా! ఇహ బ్యాలెన్సు కూడా లేక నంబరు తీసేస్తే, ఆపైన 15 రోజుల గడువులో డబ్బు కట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ 15 రోజులూ దాటాయా, మన హక్కు పోయినట్టే. తీసేసిన నంబరును కనీసం 90 రోజులపాటు మరెవరికీ ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తరవాత ఇస్తారు.

ఈ లెక్కలు విని "ఓహో, మూడు నెలల దాకా భయం లేదన్నమాట" అనుకునేరు! అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నంబరు మన పేర ఉండటం వేరు, దానికి మెసేజీలు రావడం వేరు. ఒకప్పుడు, 2005-06 ప్రాంతాల్లో, ఒకసారి డబ్బు కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ ఉచితమని ఊదరగొట్టారు. ఆ రోజులు పోయాయి. 2018 చివరినుంచి కంపెనీలు నెలనెలా ఎంతో కొంత రీచార్జి చేస్తేనే ఇన్‌కమింగ్ అంటున్నాయి. ప్యాకు అయిపోగానే అవుట్‌గోయింగ్ ఆగుతుంది, మరికొన్నాళ్ళకు ఇన్‌కమింగూ ఆగుతుంది. నంబరు ఇంకా మనదే, ఓటీపీ మాత్రం రాదు. కాబట్టి లెక్క పెట్టుకోవలసింది ప్యాకు అయిపోయే తేదీని. గ్యాసు బండ మార్చిన రోజు గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకుంటాం చూడండి, దాని పక్కనే ఇదీ రాసుకుంటే సరిపోతుంది.

"ఇంట్లో వైఫై ఉంది, నాకు డేటాతో పనేముంది, ఇంత ఖర్చెందుకు" అనే ఇల్లాళ్ళు చాలామంది ఉన్నారు. సబబైన ప్రశ్నే. డేటా లేకుండా ఉత్త కాల్సూ మెసేజీలకే పనికొచ్చే ప్యాకులు ప్రతి కంపెనీ ఇచ్చి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. అవి 365 రోజుల దాకా ఉండవచ్చు. దుకాణంలో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడగాలి. ఊళ్ళో ఉన్న అత్తగారికీ అమ్మకీ ఇలాంటిదొకటి వేయించి పెడితే ఏడాదిపాటు నిశ్చింత. విదేశాలకు వెళ్ళేవారు బయల్దేరేముందే రోమింగ్ పెట్టించుకుని, వెళ్ళినన్నాళ్ళకీ సరిపడా రీచార్జి చేయించుకోవాలి. అక్కడికి వెళ్ళాక ఆ పని చెయ్యాలంటే దానికీ ఓటీపీయే అడుగుతారు.

పోస్టుపెయిడ్ వారికి 90 రోజుల బెడద లేదు, బిల్లుతోనే బెడద. బాకీ పడితే ముందు అవుట్‌గోయింగ్, తరవాత ఇన్‌కమింగ్, ఆఖరికి కనెక్షనే తీసేస్తారు. బిల్లు తప్పుగా వచ్చిందని కోపం వచ్చి కట్టడం మానేసి కూర్చుంటే నష్టపోయేది మనమే. బాకీ ఉన్న నంబరును వేరే కంపెనీకి మార్చుకోవడానికీ వీలుండదు. 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయించి, వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరు తీసుకుని పోట్లాడండి. అక్కడ న్యాయం జరక్కపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు.

ఒక్కోసారి మన తప్పేమీ లేకుండా కంపెనీయే మూతపడుతుంది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 డిసెంబరు 1న మొబైల్ కాల్సు ఆపేసింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. ఆ ఫిబ్రవరిలో తమిళనాడులో ఎయిర్‌సెల్ సిగ్నలే పడిపోయి, వేరే కంపెనీకి మారదామంటే ఆ మెసేజీ పంపడానికి కూడా దారిలేక జనం దుకాణాల ముందు గుమిగూడారు. నంబరు మారకుండా కంపెనీ మారే సదుపాయం, పోర్టింగ్ అంటారే, అది మన దేశంలో 2010 నవంబరులో హర్యానాలో మొదలై 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, కాస్త ఖాళీ వదిలి, మన నంబరు వేసి 1900కి పంపితే ఎనిమిది అక్షరాల కోడు వస్తుంది. మన ప్రాంతంలో అది నాలుగు రోజులే పనిచేస్తుంది. ఆ కోడుతో కొత్త కంపెనీ దుకాణానికి వెళితే మూడు పనిదినాల్లో నంబరు మారిపోతుంది. రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిలు. కాబట్టి విజయవాడ నంబరును హైదరాబాదులో మార్చుకున్నా ఆ మూడు రోజులే. ఏమాటకామాటే, పాత కంపెనీలో మిగిలిన బ్యాలెన్సు మాత్రం మనతో రాదు. ఆ మెసేజీ ఆ సిమ్‌ నుంచే వెళ్ళాలి. అంచేత కంపెనీ మూతపడుతోందన్న వార్త వినగానే కదలాలి, సిగ్నలున్నప్పుడే.

నంబరు ఆగిపోయింది, కాని గడువు ఇంకా దాటలేదు. అప్పుడేం చెయ్యాలి? తిన్నగా కంపెనీ సొంత దుకాణానికి వెళ్ళాలి. రోడ్డుపక్క గొడుగు కింద కూర్చున్నవాడికి ఆధార్ ఇచ్చి వేలిముద్ర వెయ్యడం నాకు బొత్తిగా నచ్చదు. మన పేర ఇంకో సిమ్ పుట్టిందేమో మనకెలా తెలుస్తుంది? సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మన పేర ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకోవచ్చు, మనది కానిదుంటే అక్కడే ఫిర్యాదు చెయ్యవచ్చు. కొత్త సిమ్ ఇచ్చాక మొదటి 24 గంటలూ మెసేజీలు రావు. ఇది మోసగాళ్ళనుంచి కాపాడటానికి 2022లో పెట్టిన కట్టడి. ఓటీపీ రాలేదని కంగారుపడి మళ్ళీ దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు. ఇంకొకటి, సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా పోర్టింగ్ కూడా కుదరదు. ఈ నిబంధన 2024 జులై 1 నుంచి ఉంది.

గడువు దాటి నంబరు పోయిందా, ఇక దానికోసం ప్రాకులాడి లాభం లేదు. ఆ 90 రోజుల లోపల, అది వేరొకరి చేతికి వెళ్ళకముందే, ఖాతాలన్నీ కొత్త నంబరుకి మార్చుకోవాలి. మొదట బ్యాంకు. ఏటీఎంలోనో యాప్‌లోనో మార్చబోతే పాత నంబరుకి ఓటీపీ పంపుతానంటుంది. అదే లేదు గదా! కాబట్టి పాసుబుక్కు, ఆధార్, పాన్ కార్డు పట్టుకుని శాఖకే వెళ్ళి దరఖాస్తు ఇవ్వండి. రెండు బ్యాంకులుంటే రెండింటికీ వెళ్ళాలి. బ్యాంకునుంచి ఆధార్ కేంద్రానికి. అక్కడ వేలిముద్ర ఉంటే చాలు, నంబరు మార్చడానికి వేరే కాగితాలు అడగరు. ఈ రెండూ అయితే సగం బరువు దిగినట్టే. గ్యాసు, ఎల్.ఐ.సి., పి.ఎఫ్., ఆదాయపు పన్ను వగైరాలు తీరిగ్గా చూసుకోవచ్చు.

యూపీఐ సంగతి కాస్త వేరు. రద్దయిన, చేతులు మారిన నంబర్ల జాబితా చూసుకుని బ్యాంకులు తమ రికార్డులను వారం వారం సరిచేసుకోవాలని 2025 ఏప్రిల్ 1 నుంచి నియమం ఉంది. మంచిదే. కాని పై వాటా అద్దెవాళ్ళు మన పాత నంబరు కొట్టి అద్దె పంపుతూ ఉంటే, రేపు ఆ నంబరు ఎవరిదవుతుందో! వాళ్ళకీ, చీటీ పాడేవారికీ, చుట్టపక్కాలకీ మనమే చెప్పాలి.

వాట్సాప్‌లో నంబరు మార్చుకునే సదుపాయం సెట్టింగుల్లోనే ఉంది. పాత సిమ్ బతికుండగానే మార్చితే గ్రూపులూ పాత మాటలూ పోవు. రెండో రక్షణగా ఆరంకెల పిన్ను కూడా పెట్టుకోండి. ఆ నంబరు రేపెవరికి వచ్చినా, పిన్ను తెలియకుండా మన ఖాతా తెరవడం అంత తేలిక కాదు. జీమెయిల్ ఉన్నవారికి గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిదంకెలు, ఒక్కోటి ఒకసారికే. ఫోను లేకపోయినా వాటితో లోపలికి వెళ్ళవచ్చు. వాటిని ఫోనులోనే దాచుకుంటే ఏం లాభం? కాగితం మీద రాసి బీరువాలో నగల పెట్టె కింద పెట్టండి.

మధ్యలో ఒక హెచ్చరిక. "మేం ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు రద్దవుతుంది, తొమ్మిది నొక్కండి" అంటూ ఫోన్లొస్తాయి. ట్రాయ్ అలా ఎవరికీ ఫోను చెయ్యదు. పెట్టేయండి. పొరపాటున డబ్బు పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి.

ఇహపోతే, నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఆఖరికి ఉంచాను. మీరు వాడే సిమ్ ఎవరి పేర ఉంది? మనలో చాలామందికి వారు తెచ్చిపెట్టిందో, అబ్బాయి తన ఆధార్ మీద తీసుకున్నదో ఉంటుంది. ఏళ్ళ తరబడి మనమే వాడుతున్నా, రేపు సిమ్ పాడైతే దుకాణంలో వేలిముద్ర వెయ్యవలసింది వారే. అబ్బాయి బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉంటే ఏం చేస్తాం? అంచేత ఎవరి పేరనుందో వారిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఇద్దరి గుర్తింపు కాగితాలూ చూపించి మన పేర మార్పించుకోవాలి. నంబరు మారదు, పేరే మారుతుంది. "ఇంట్లో నాదీ నీదీ ఏమిటి?" అని వారు నవ్వితే నవ్వనివ్వండి.

భర్త పోయిన ఇళ్ళలో ఈ సంగతి మరీ గుర్తుండాలి. ఆ దుఃఖంలో ఆయన ఫోను ఎవరూ రీచార్జి చెయ్యరు. బ్యాంకు, ఇన్సూరెన్సు, పెన్షను కాగితాలన్నిటి మీదా ఉన్నది ఆ నంబరే. వాటి పనులన్నీ తేలేదాకా దాన్ని ఆగిపోనివ్వకండి. మరణ ధ్రువపత్రం, వారసురాలిగా మన కాగితాలు చూపించి ఆ నంబరును మన పేర మార్పించుకోవచ్చు. ఆయన ఫోనుకి వచ్చే ఓటీపీతో ఖాతాలోంచి డబ్బు తీసేయమని బంధువులెవరో సలహా చెబుతారు, వినకండి. తరవాత మిగతా వారసులు ప్రశ్నిస్తే జవాబు చెప్పుకోవలసింది మనమే. బ్యాంకుకి కబురు చేసి, నామినీగానో వారసురాలిగానో దరఖాస్తు పెట్టండి. అందులో ఫోను నంబరు రాయమన్నచోట మీ పేర ఉన్న నంబరు రాయండి.