గోదాములో ఉంది, కంప్యూటర్‌లో లేదు

1999లో హాలోవీన్ పండుగ దగ్గరపడుతోంది. పిల్లలకు పంచే మిఠాయిల కోసం అమెరికా దుకాణాలు ఆర్డర్ల మీద ఆర్డర్లు పెడుతున్నాయి. పెన్సిల్వేనియాలోని హెర్షీ కంపెనీ దగ్గర చాక్లెట్లకు కొదవ లేదు. అయినా దాదాపు 10 కోట్ల డాలర్ల సరుకు దుకాణాలకు చేరలేదు. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. యంత్రాలు ఆగలేదు, సమ్మె జరగలేదు. జులైలో కంపెనీ 11 కోట్ల 20 లక్షల డాలర్లు పోసి కొత్త ఈఆర్‌పీకి మారింది, అంతే.

ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ అనే బరువైన పేరు వెనక ఉన్న సంగతి చిన్నదే. కొనుగోళ్లు, స్టోర్స్, ఉత్పత్తి, అమ్మకాలు, అకౌంట్స్ ఎవరి రిజిస్టరు వాళ్లు రాసుకోకుండా అందరికీ ఒకే డేటాబేస్ ఉండటం. ఇదెలా నడుస్తుందో ఫ్యాక్టరీ గేటు దగ్గర చూడాలి. 100 బస్తాల పంచదారకు ఆర్డరు వెళ్లింది. లారీ వచ్చాక దించి లెక్కపెడితే 96 ఉన్నాయి. స్టోర్‌కీపరు శాప్ సాఫ్ట్‌వేర్‌లో ‘మిగో’ అనే స్క్రీన్ తెరిచి, ఆర్డరు నంబరు కొట్టి, 96 వేసి సేవ్ చేస్తాడు. ఆ క్షణంలోనే స్టాకు పెరుగుతుంది. అకౌంట్స్‌లో పద్దులు వాటంతటవే పడతాయి. ఇంకా నాలుగు బస్తాలు రావాలని కొనుగోలు విభాగానికి తెలిసిపోతుంది. సరఫరాదారు నూరు బస్తాలకూ బిల్లు పంపాడనుకోండి. ‘మీరో’ స్క్రీన్‌లో దాన్ని ఎక్కించగానే సాఫ్ట్‌వేర్ ఆర్డరు, అందిన సరుకు, బిల్లు మూడింటినీ పోల్చి, తేడా పరిమితి దాటితే చెల్లింపు నిలిపేస్తుంది. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. అయితే స్టోర్‌కీపరు 96కు బదులు 69 కొట్టినా ఆ తప్పు అంతే వేగంగా అన్ని విభాగాలకూ పాకుతుంది!

దీని మూలం 1960లలో జోసెఫ్ ఓర్లికీ రూపుదిద్దిన ఎంఆర్‌పీ (మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్)లో ఉంది. తయారు చేయాల్సిన వస్తువు నుంచి వెనక్కి వెళ్తూ ఏ విడిభాగం ఎన్ని, ఎప్పటికి కావాలో లెక్కగట్టే పద్ధతి అది. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు జర్మనీలో శాప్ కంపెనీ పెట్టారు. 1990ల చివర్లో, 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీలను తప్పుగా చదువుతాయన్న వై2కే భయం పట్టుకోవడంతో వాటిని బాగుచేసుకునే కంటే కొత్తది పెట్టుకోవడమే మేలనుకున్న కంపెనీలు ఎన్నో.

హెర్షీ తొందరకూ అదే కారణం. 48 నెలలు పట్టే పనిని 30 నెలల్లో ముగించాలనుకుంది. శాప్‌తో పాటు మరో రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్‌నూ కలిపి ఎక్కించింది. ఏప్రిల్ గడువు తప్పి, సరిగ్గా పండుగ ఆర్డర్లు మొదలయ్యే జులైకి జరిగింది. అన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది మాత్రం ఇంకొకటి. సీజన్‌లో సరుకు పట్టనప్పుడు హెర్షీ సిబ్బంది ఖాళీగా ఉన్న గదుల్లో కూడా చాక్లెట్ పెట్టెలు సర్దేవారు. ఎక్కడేముందో వాళ్లకు కంఠస్థం. ఆ గదులు మాత్రం కొత్త వ్యవస్థలో నిల్వ స్థలాలుగా నమోదు కాలేదు. నమోదు కాని చోట సరుకున్నా కంప్యూటర్ లెక్కలో లేనట్టే. అదే హెర్షీ 2002లో కొత్త వెర్షన్‌కు ఏడాదిలోపే, బడ్జెట్‌కంటే తక్కువలో మారింది. ఆసారి పరీక్షలకు కావలసినంత సమయం ఇచ్చింది.

జర్మన్ సూపర్‌మార్కెట్ల సంస్థ లిడ్ల్ కథ వేరు. నిల్వ విలువను కొన్న ధరతో కట్టడం దాని అలవాటు. శాప్ సాఫ్ట్‌వేర్ ప్రామాణిక పద్ధతేమో అమ్మే ధరతో కట్టడం. లిడ్ల్ తన అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్పించడం మొదలుపెట్టింది. ఏడేళ్ల తర్వాత, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొస్తుండగా, 2018లో అంతా ఆపేసింది. అలవాటులో తప్పేమీ లేదు, కానీ ఆ ఖరీదుకు తగినంత గొప్ప అలవాటు కూడా కాదని నా అభిప్రాయం.

హైదరాబాద్ అమీర్‌పేటలో శిక్షణ సంస్థల బోర్డుల మీద ‘ఎంఎం’, ‘ఎస్‌డీ’, ‘ఫైకో’ అని కనిపించేవి శాప్‌లోని మాడ్యూళ్లే. ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్లు నేర్పుతారు. ప్రాజెక్టులో అడుగుపెట్టాక ఎదురయ్యేది మాస్టర్ డేటా. ఒకే బోల్టు పాత రిజిస్టర్లలో ‘ఎం8 బోల్ట్’, ‘బోల్టు 8 ఎంఎం’, ‘8 నంబరు బోల్టు’ అని మూడు పేర్లతో ఉంటే కంప్యూటర్‌కు అవి మూడు వస్తువులు. ఒకటి నిండుకుందని కొనమంటుంది, మిగతా రెండూ అరలో తుప్పుపడుతుంటాయి. కొత్త వ్యవస్థ వాడకంలోకి వచ్చే గో-లైవ్‌కు ముందు వీటిని ఏరి కలపడం విసుగు పుట్టించే పని. గడువు ముంచుకొచ్చినప్పుడు ముందుగా కోత పడేదీ దీనికే.

ఇప్పుడు మరో గడువు దగ్గరపడుతోంది. ఈసీసీ అనే పాత శాప్‌కు మామూలు మద్దతు 2027 చివరితో ముగుస్తుంది. దాని స్థానంలో వచ్చిన ఎస్/4హానాకు మారుతున్న కంపెనీలు ముందుగా తేల్చాల్సింది ‘జెడ్’ ప్రోగ్రాముల సంగతి. కంపెనీలు సొంతంగా రాయించుకున్న ప్రోగ్రాముల పేర్లు శాప్‌లో సాధారణంగా జెడ్ అక్షరంతో మొదలవుతాయి. పాతికేళ్లుగా నడుస్తున్న పెద్ద సంస్థలో ఇవి వేలల్లో ఉండొచ్చు. వాటిలో ఇప్పటికీ ఎవరైనా వాడుతున్నవి ఎన్ని ఉన్నాయో లాగ్‌లు తీసి చూడాలి. రాయించమన్న మేనేజరు రిటైరైపోయి ఉంటే, అదెందుకుందో చెప్పేవాళ్లూ ఆఫీసులో దొరకరు.