ట్రైలోబైట్: పేరులోని ‘మూడు’, మన శిలల్లోని లేమి

ట్రైలోబైట్లు పురాతన సముద్రాలలో జీవించి అంతరించిన సంధిపాదులు. సుమారు 52 కోట్ల సంవత్సరాల నాటి శిలల్లో మొదట కనిపించి, 25 కోట్ల సంవత్సరాల క్రితం పెర్మియన్ యుగాంతంలో పూర్తిగా నశించాయి.

1771లో జర్మన్ పండితుడు వాల్ష్ పెట్టిన ఈ పేరుకు ‘మూడు తమ్మెలు కలది’ అని అర్థం. ఆ మూడూ తల, వక్షం, తోక అని భావించడం పరిపాటి. కాని అది సరికాదు. తమ్మెలు నిలువు విభాగాలు: నడుమ అక్షభాగం, దానికి ఇరువైపులా పార్శ్వభాగాలు. అందువల్ల పరిభాషా నిర్మాణంలో ‘ఖండం’ కంటె ‘తమ్మె’ సమంజసం. ‘ఖండం’ అడ్డంగా కోసిన ముక్కను స్ఫురింపజేస్తుంది.

ఈ జీవుల శిలాజాలు మన దేశంలో స్పితి, కాశ్మీర్ వంటి హిమాలయ ప్రాంతాలలో లభిస్తాయి. మన ప్రాంతపు శిలలు వేరొక చరిత్ర చెబుతాయి. జనగామ, మహబూబాబాద్ జిల్లాలలో అధికభాగం గ్రానైట్, నైస్ శిలలే. ఇవి భూగర్భంలో అత్యధిక ఉష్ణం వద్ద రూపొందినవి. వీటిలో శిలాజాలు నిలువవు. మహబూబాబాద్ తూర్పు అడవులలోని పాకాల అవక్షేపాలు ట్రైలోబైట్ల పుట్టుకకు ఎంతో ముందటివి. భూపాలపల్లి బొగ్గుపొరలు మాత్రం పెర్మియన్ యుగానివే; కాని అవి నదీతీరపు చిత్తడి అడవుల అవశేషాలు. అక్కడ గ్లోసోప్టెరిస్ వృక్షాలు పెరుగుతున్న కాలంలోనే, సుదూర సముద్రాలలో చివరి ట్రైలోబైట్లు జీవించాయి.

కాబట్టి ఒక నేలలో శిలాజం లేకపోవడం కూడా ఆ నేల వయసుకు, పుట్టుకకు సాక్ష్యమే.